జూకన్ గోర్జ్‌లో నాలుగో దారి

(రికన్సిలియేషన్ వారంలో పెర్త్‌లో జరిగిన తెలుగువారి సమావేశంలో ఒక మైనింగ్ ఇంజనీరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరగా పెట్టుకుంటాను. పిల్లల్ని పక్క గదిలోకి పంపించారు కాబట్టి కాసేపు ప్రశాంతంగా మాట్లాడుకోవచ్చు. భోజనాలు ఎనిమిదింటికన్నారు. వాటికి నేను అడ్డు రాను.

ఈ వారం మీ ఆఫీసుల్లో ఏం జరిగి ఉంటుందో నేను చెప్తాను, తప్పయితే ఆపండి. మార్నింగ్ టీ పెట్టి ఉంటారు. ఒక అబోరిజినల్ పెద్దావిడనో పెద్దాయననో పిలిచి వెల్‌కమ్ టు కంట్రీ, అంటే ఆ నేల మనుషుల తరఫున స్వాగతం, చెప్పించి ఉంటారు. తర్వాత మీ జనరల్ మేనేజర్, చుక్కల డిజైను చొక్కా వేసుకుని, మన కంపెనీ ర్యాప్ ఇది, మనం దీనికి కట్టుబడి ఉన్నాం అని ఒక పది నిమిషాలు మాట్లాడి ఉంటాడు. అవునా? నవ్వుతున్నారు, అంటే అవుననే.

నేను దాన్ని వెక్కిరించడానికి రాలేదు. ఆ మార్నింగ్ టీలో లామింగ్టన్లు నేనూ తిన్నాను. ర్యాప్ అంటే రికన్సిలియేషన్ యాక్షన్ ప్లాన్. తెలియని కొత్తవాళ్ళ కోసం చెప్తున్నాను. 2006లో మొదలైంది. రికన్సిలియేషన్ ఆస్ట్రేలియా అనే సంస్థ నడుపుతుంది. కంపెనీ, యూనివర్సిటీ, ఫుట్‌బాల్ క్లబ్బు, ఎవరైనా సరే, ఈ నేల మొదటి మనుషులతో సయోధ్య కోసం మేం ఇదిగో ఇవి చేస్తాం అని రాసిస్తారు. ఇంతమందికి ఉద్యోగాలు, ఇంత విలువ కాంట్రాక్టులు, ఇన్ని ట్రైనింగులు. రిఫ్లెక్ట్, ఇన్నొవేట్, స్ట్రెచ్, ఎలివేట్ అని నాలుగు మెట్లు. ఈ దేశంలో మనం పనిచేసే పెద్ద కంపెనీల్లో ర్యాప్ లేనిది వెతకాల్సిందే.

మరి నా ప్రశ్న ఏమిటంటే, కంపెనీ కట్టుబడి ఉన్నాం అని రాసినప్పుడు, దాన్ని ఎక్కడ చూసి నమ్మాలి? ఏ కాగితం చదివి నమ్మాలి? దీనికి నాకు ఒక్క ఊరు, ఒక్క తేదీ చాలు. ఊరు కాదు, లోయ. జూకన్ గోర్జ్. 2020 మే 24, ఆదివారం. రియో టింటో అనే మైనింగ్ కంపెనీ ఇనుప ఖనిజం కోసం అక్కడి పాత గుహల్ని పేల్చేసిన రోజు.

మీలో ఉత్తరాన గనులున్న పిల్బరాకి ఫ్లైఇన్ ఫ్లైఅవుట్, అంటే విమానంలో వెళ్ళి కొన్నాళ్ళు పనిచేసి తిరిగొచ్చే ఉద్యోగం, చేసేవాళ్ళు ఎంతమంది? ఓ, చాలామందే ఉన్నారు. అయితే మీకు టామ్ ప్రైస్ తెలుసు. టామ్ ప్రైస్‌కి వాయవ్యంగా సుమారు 60 కిలోమీటర్లు వెళ్తే, హామర్‌స్లీ కొండల్లో, రియో టింటో వాళ్ళ బ్రాక్‌మన్ 4 గని వస్తుంది. ఆ పక్కనే ఈ లోయ. ఆ నేల పూటు కుంటి కుర్రమా, పినికురా అనే రెండు జాతులవాళ్ళది. పేరు పొడుగు కాబట్టి అందరూ పీకేకేపీ అంటారు, నేనూ అదే అంటాను. కానీ ఒక్కసారైనా పూర్తి పేరు నోటితో పలకండి. మన ఇంటిపేర్లు ఇక్కడివాళ్ళు పలకలేదని మనం ఎంత బాధపడతామో నాకు తెలుసు.

ఆ లోయలో రెండు రాతి గుహలున్నాయి. గుహలంటే మన బొర్రా గుహల్లాగా లోతుగా పోయేవి కావు. కొండ అంచు కింద నీడపట్టుగా ఉండే రాతి చూరులు. జూకన్ 1, జూకన్ 2 అని పేర్లు. జూకన్ అనేది వాళ్ళ పెద్దాయన ఒకాయన పేరు.

ఆ రెండో గుహలో 2008లో చిన్నగా తవ్వి చూశారు. తర్వాత 2014లో పెద్ద ఎత్తున తవ్వారు. ఎందుకు తవ్వారో కాస్త ఆగి చెప్తాను. ఏం దొరికాయో ముందు వినండి. 7,000కు పైగా వస్తువులు. కంగారూ ఎముకని చెక్కి మొన తీసిన పనిముట్టు ఒకటి, దాని వయసు 28,000 ఏళ్ళు. మనుషులు ఆ చోటికి వస్తూ పోతూ ఉన్నారనడానికి ఆధారాలు 46,000 ఏళ్ళ వెనక్కి పోయాయి. మధ్యలో మంచుయుగం వచ్చింది. సముద్రానికి దూరంగా, దేశం లోపలి భాగంలో, మంచుయుగంలో కూడా మనుషులు వదలకుండా వాడుకున్నట్టు ఆధారాలున్న చోట్లు చాలా అరుదు. ఇది అందులో ఒకటి.

అన్నిటికన్నా నన్ను కదిలించింది ఇంకొకటి ఉంది. జడలా అల్లిన జుట్టు ముక్క. మొలతాడులాంటి దానిలోది. ఒకరి జుట్టు కాదు, పలువురి జుట్టు తీసుకుని కలిపి అల్లినది. 4,000 ఏళ్ళ నాటిది. దానికి డీఎన్‌ఏ పరీక్ష చేస్తే, ఇప్పుడు బతికున్న పీకేకేపీ వాళ్ళ పూర్వీకులదని తేలింది. మనలో ఎవరి దగ్గరైనా ముత్తాత ఫొటో ఉందా? చాలామంది దగ్గర ఉండదు. మా ఇంట్లో లేదు. వీళ్ళ చేతికి 4,000 ఏళ్ళ కిందటి ముత్తవ్వల జుట్టు వచ్చింది.

సరే, ఎందుకు తవ్వారు? పేల్చేస్తున్నారు కాబట్టి, పేల్చేలోపు అందులో ఉన్నవి బయటికి తీద్దామని తవ్వారు. సాల్వేజ్ అంటారు దాన్ని. అంటే పేల్చడానికి అనుమతి తవ్వకం కంటే ముందే వచ్చింది. 2013 డిసెంబరులో వచ్చింది. ఇంత విలువైన చోటని తెలిసింది 2014లో. ఆ అనుమతిని తిరిగి చూసే దారి అప్పటి చట్టంలో లేదు.

ఆ చట్టం గురించి ఒక్క నిమిషం. పశ్చిమ ఆస్ట్రేలియా అబోరిజినల్ హెరిటేజ్ చట్టం, 1972. సెక్షన్ 17 ఏమంటుంది? అబోరిజినల్ స్థలాన్ని పాడుచేస్తే నేరం అంటుంది. బాగుంది. వెంటనే సెక్షన్ 18 ఏమంటుంది? మంత్రి సరేనంటే పాడుచేయొచ్చు అంటుంది. మంత్రి కాదంటే కంపెనీ అప్పీలుకు వెళ్ళొచ్చు. మంత్రి సరేనంటే ఆ నేల మనుషులు అప్పీలుకు వెళ్ళడానికి అప్పుడు వీల్లేదు. 2010 నుంచి 2020 దాకా మైనింగ్ లీజుల మీద సెక్షన్ 18 దరఖాస్తులు 463 వచ్చాయి. ఎన్ని కాదన్నారు? చెప్పండి చూద్దాం. యాభయ్యా? కాదు. ఇరవయ్యా? కాదండీ. ఒక్కటి.

కాబట్టి రియో టింటో చేసింది చట్టవిరుద్ధం కాదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మన ఇంజనీర్లం, అప్రూవల్ ఉందా, లైసెన్సు ఉందా అని అడిగి ఊరుకుంటాం. ఉంది. అన్నీ ఉన్నాయి.

ఇప్పుడు నాలుగో దారి సంగతి. గని ప్లాన్ చేసేటప్పుడు పిట్, అంటే తవ్వే గొయ్యి, ఎక్కడిదాకా పోవాలి అని కొన్ని ఆప్షన్లు గీస్తారు. ఇక్కడ ప్లానింగ్‌లో ఉన్న తమ్ముళ్ళకి తెలుసు. ఒక పొడవైన టేబుల్, స్క్రీన్ మీద బ్లాక్ మోడల్, రంగు రంగుల డబ్బాలు, ఎరుపు హై గ్రేడ్, నీలం వేస్ట్. బ్రాక్‌మన్ 4 దగ్గర అలా నాలుగు ఆప్షన్లు గీశారు. మూడింటిలో గుహలకి ఏమీ కాదు. నాలుగోదానిలో గుహలు పోతాయి. నాలుగోదాన్ని ఎంచుకున్నారు. ఎందుకు? అక్కడ ఇంకో 80 లక్షల టన్నుల మంచి ఖనిజం అందుతుంది. విలువ సుమారు 13.5 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు. ఇది నేను చెప్తున్నది కాదు, కంపెనీ సీఈఓ జాన్ సెబాస్టియన్ జాక్ 2020 ఆగస్టులో పార్లమెంటు కమిటీ ముందు చెప్పిన లెక్క.

80 లక్షల టన్నులంటే వినడానికి పెద్దగానే ఉంది కదా. కానీ రియో టింటో పిల్బరా నుంచి ఏడాదికి ఓడలకెక్కించేది 33 కోట్ల టన్నులు. అంటే రోజుకి తొమ్మిది లక్షలు. ఫోన్ తీసి భాగించండి. తొమ్మిది రోజుల సరుకు.

ఇంకో సంగతి. ఆ మూడు ఆప్షన్లు ఉన్నాయని పీకేకేపీ వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. గుహల్ని తప్పించే దారి ఒకటి కాదు మూడున్నాయని వాళ్ళకి తెలిసింది, గుహలు పోయాక, ఆ కమిటీ విచారణలో.

తొమ్మిది రోజులు

నా వృత్తి బ్లాస్టింగ్. కొత్తగూడెంలో చదివాను, సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో నేర్చుకున్నాను, తర్వాత ఇటొచ్చాను. అందుకని మే 15 నుంచి 24 దాకా నడిచిన తొమ్మిది రోజుల గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఓపిక పట్టండి. మా ఆవిడ అప్పుడే టైము చూస్తోంది.

పేల్చడమంటే ఏమిటి? ముందు డ్రిల్లు రిగ్గు వచ్చి వరసగా గుంతలు వేస్తుంది. ఒక్కో గుంతలో డిటొనేటర్, బూస్టర్ దింపుతారు. పైన పంపుతో ఎమల్షన్, అంటే పేలుడు మందు, పోస్తారు. దాని మీద కంకర వేసి మూస్తారు. అన్నీ కలిపి కనెక్షన్ ఇస్తారు. ఒకసారి మందు పోశాక దానికి గుంతలో ఉండగలిగే గడువుంటుంది, స్లీప్ టైం అంటాం. గడువు దాటితే పేలకపోవచ్చు, సగం పేలొచ్చు. నింపిన గుంతలోంచి మందు తీయడం అంటే లోపల డిటొనేటర్ ఉండగా పైనున్న కంకర తీయాలి. ఎవరూ సంతోషంగా చేసే పని కాదు. ఇంతవరకు కంపెనీ చెప్పింది నిజమే.

మే 15న పీకేకేపీ వాళ్ళు ఒక మామూలు విషయం అడిగారు. జులైలో నైడాక్ వారం, అంటే ఆదివాసుల సంస్కృతి పండగ వారం, వస్తోంది, మా పెద్దల్ని జూకన్ గోర్జ్‌కి తీసుకెళ్ళి చూపించాలి, పర్మిషన్ ఇవ్వండి అని. తమ నేల మీదికి తాము వెళ్ళడానికి పర్మిషన్, అది వేరే కథ. వచ్చిన జవాబేమిటంటే, అక్కడ బ్లాస్టింగ్ ఉంది, గుంతల్లో మందు ఇప్పటికే పోస్తున్నాం అని. అప్పుడు తెలిసింది వాళ్ళకి.

ఆపండి అన్నారు. తీయడం ప్రమాదం, ఇప్పుడు ఆపలేం అన్నారు. సరే. మరి మే 15 తర్వాత ఏం చేశారు? ఇంకా గుంతలు నింపారు. మొత్తం 380కి పైగా గుంతలు. ఇది కూడా తర్వాత కంపెనీయే కమిటీకి ఒప్పుకుంది. ఆపమన్నాక ఆపలేకపోవడం వేరు, ఆపమన్నాక కూడా కొత్తవి నింపడం వేరు. షాట్ ఫైరర్‌గా, అంటే మందు పేల్చేవాడిగా, పనిచేసిన ఎవర్ని అడిగినా ఈ తేడా చెప్తాడు.

ఇంకా ఉంది. ఆ మధ్యలోనే కంపెనీ కొన్ని గుంతల్లోంచి మందు తీయించింది. అవును, తీయించింది. ఎందుకంటే ఆ పేలుడుకి పక్కనున్న వేరే స్థలాలు దెబ్బతింటాయని, వాటికి సెక్షన్ 18 అనుమతి లేదని గమనించారు. అనుమతి లేకుండా దెబ్బతీస్తే నేరం కదా. కాబట్టి మందు తీయడం కుదరని పని కాదు. చట్టానికి భయపడినచోట కుదిరింది. మనుషులు బతిమాలినచోట కుదరలేదు. నేను ఈ మొత్తం కథలో ఒక్కటి మాత్రమే గుర్తుపెట్టుకోమంటే ఇదే గుర్తుపెట్టుకోమంటాను.

పీకేకేపీ లాయర్లు ఫెడరల్ మంత్రుల ఆఫీసులకి ఫోన్లు చేశారు. కంపెనీ తన వైపు లాయర్లని ముందే సిద్ధం చేసుకుంది, కోర్టు స్టే వస్తుందేమోనని. ఇక్కడే ర్యాప్ కాకుండా ఇంకో కాగితం బయటికొచ్చింది. 2011లో రియో టింటోకీ పీకేకేపీకీ జరిగిన ఒప్పందం. ఆ ఒప్పందంలో డబ్బులున్నాయి, ఉద్యోగాలున్నాయి, మంచి మాటలున్నాయి. ఇంకేం ఉన్నాయి? గని పనికి అభ్యంతరం చెప్పకూడదు. కంపెనీ ఒప్పుకోకుండా బహిరంగంగా విమర్శించకూడదు. ప్రభుత్వం దగ్గరికి పోయి రక్షణ అడగాలంటే ముందు కంపెనీకి నోటీసివ్వాలి. గ్యాగ్ క్లాజులంటారు వీటిని. మీ ఇల్లు కూలుతుంటే, కూల్చేవాడికి ముందస్తు నోటీసిచ్చి తర్వాత పోలీసులకి ఫోన్ చేయాలి!

24వ తేదీ పేల్చేశారు. మూడు రోజుల తర్వాత, 27న, రికన్సిలియేషన్ వారం మొదలైంది. ఈ వారమే. ఆ తేదీలు ఎలా వచ్చాయో తెలుసా మీకు? మే 27న, 1967లో, అబోరిజినల్ ప్రజల్ని జనాభా లెక్కల్లో కలపాలన్న రెఫరెండం జరిగింది. జూన్ 3న, 1992లో, హైకోర్టు మాబో తీర్పు వచ్చింది, ఈ నేల ఎవరిదీ కాని నేల అన్న మాట చెల్లదని. ఆ రెండింటి మధ్య వారం. ఆ ఏడాది ఆ వారంలో పేపర్ల నిండా జూకన్ గోర్జే.

జూన్‌లో రికన్సిలియేషన్ ఆస్ట్రేలియా రియో టింటోకి ర్యాప్ భాగస్వామిగా ఇచ్చిన గుర్తింపును వెనక్కి తీసుకుని, కార్యక్రమం నుంచి సస్పెండ్ చేసింది. అంటే గుహలు పేల్చిన రోజున ఆ కంపెనీకి ర్యాప్ ఉంది. మంచి ర్యాప్. ఉద్యోగాల లెక్కలూ కాంట్రాక్టుల లెక్కలూ అన్నీ అందులో ఉన్నాయి. దొంగ కాగితమేం కాదది. కాకపోతే ఆ లోయ గురించి ఆ టేబుల్ దగ్గర నిర్ణయం తీసుకున్నవాళ్ళు ఆ కాగితం చూడాల్సిన అవసరం రాలేదు.

మీరనుకోవచ్చు, మైనింగ్ కంపెనీ అంటే అంతేలే అని. కాదండీ. ఇదే కంపెనీకి ఇంకో చరిత్ర ఉంది. 1993లో నేటివ్ టైటిల్ చట్టం, అంటే ఆదివాసుల సంప్రదాయ భూహక్కుల్ని గుర్తించే చట్టం, వచ్చినప్పుడు ఈ దేశంలో మైనింగ్ పరిశ్రమ మొత్తం అల్లకల్లోలం చేసింది. పెరట్లో బార్బెక్యూ పెట్టుకునే జాగా కూడా పోతుందని జనాన్ని భయపెట్టిన రోజులవి. అప్పుడు, 1995లో, సీఆర్ఏ అధిపతి లియోన్ డేవిస్ లేచి, ఆ చట్టం మూలసూత్రం మాకు సమ్మతమే అని బహిరంగంగా చెప్పాడు. సీఆర్ఏ అంటే తర్వాత రియో టింటోలో కలిసిన కంపెనీయే. ఆ తర్వాత చాలా ఏళ్ళు ప్రపంచంలో కంపెనీలకి పాఠం చెప్పాలంటే రియో టింటోనే ఉదాహరణగా చూపించేవాళ్ళు. ఆ కంపెనీయే 25 ఏళ్ళకి ఇక్కడికి వచ్చింది. మధ్యలో ఏమైంది? నాకు కనిపించే జవాబు చిన్నది. ఆదివాసులతో మాట్లాడే మనుషులు గని నడిపేవాళ్ళ పక్క కుర్చీలోంచి లేచి, కంపెనీ పేరు కాపాడే డిపార్ట్‌మెంటులోకి వెళ్ళిపోయారు. ఇన్నేళ్ళ పరిచయాలున్న పాతవాళ్ళు వెళ్ళిపోయారు. అప్పుడు గుహ అనేది గని సమస్య కాకుండా ప్రచార సమస్య అయిపోతుంది.

క్షమాపణ సంగతి కూడా అలాగే నడిచింది. మొదట వచ్చిన ప్రకటనలో, మేం కలిగించిన బాధకి క్షమించండి అన్నారు. కాలు తొక్కినవాడు, మీకు నొప్పి పుట్టినందుకు చింతిస్తున్నాను అన్నట్టు. తొక్కడం గురించి మాట లేదు. పూర్తి క్షమాపణ రావడానికి నెలలు పట్టింది. ఆగస్టులో కంపెనీ బోర్డు సమీక్ష చేసి ముగ్గురు పెద్దల బోనస్సులు కోసింది, అంతే. అప్పుడు కోపమొచ్చింది ఎవరికో తెలుసా? సూపర్ ఫండ్లకి, అంటే మన రిటైర్మెంటు డబ్బు దాచే ఫండ్లకి. ఆస్ట్రేలియన్‌సూపర్, హెస్టా వంటివాటికి. అంటే ఇక్కడ కూర్చున్న మన డబ్బుకే. ఇది చాలదన్నారు. సెప్టెంబరు 11న సీఈఓ, ఇనుప ఖనిజం విభాగం అధిపతి, కార్పొరేట్ రిలేషన్స్ అధిపతి, ముగ్గురూ దిగిపోతున్నట్టు ప్రకటన వచ్చింది. తర్వాతి మార్చిలో చైర్మన్ కూడా తాను మళ్ళీ పోటీ చేయనన్నాడు. అయితే, ఆ 2020లో సీఈఓకి చేతికొచ్చిన మొత్తం జీతభత్యాలు అంతకుముందు ఏడాదికంటే ఎక్కువే. వాటాదార్లు చాలామంది ఆ జీతాల నివేదికకి వ్యతిరేకంగా ఓటేశారు. ఆ ఓటు సలహా మాత్రమే. డబ్బు వెనక్కి రాలేదు.

ఒక్క రియో టింటోనే అనుకోకండి. గుహలు పేల్చిన అయిదు రోజులకి, మే 29న, బీహెచ్‌పీ అనే ఇంకో పెద్ద మైనింగ్ కంపెనీకి సౌత్ ఫ్లాంక్ గని దగ్గర బంజిమా జాతి స్థలాలు నలభై దాకా తొలగించడానికి ఇదే సెక్షన్ 18 కింద అనుమతి వచ్చింది. దేశమంతా గొడవగా ఉంది కాబట్టి వాళ్ళు ఆగారు.

మనవైపు ఒక తీర్పు

ఇక్కడ కాస్త మన ఊళ్ళ వైపు వస్తాను. ఎందుకంటే మనం ఈ విషయంలో కొత్తవాళ్ళం కాదు. మా పక్కన ఖమ్మం ఏజెన్సీలో గానీ, అటు విశాఖ ఏజెన్సీలో గానీ పుట్టి పెరిగినవాళ్ళకి 1/70 చట్టం అంటే ఏమిటో తెలుసు. వన్ ఆఫ్ సెవెంటీ. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుల భూమే కాదు, గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి కూడా గిరిజనుడికి తప్ప వేరేవాళ్ళకి బదిలీ కాదు. మరి ప్రభుత్వం ఏం చేసేది? మనుషులకి కదా ఆ చట్టం, మాకు కాదుగా అని, తన భూముల్ని ప్రైవేటు కంపెనీలకి గనుల లీజుకిచ్చేది. అనంతగిరి మండలంలో, మనందరం పిక్నిక్కులకెళ్ళే బొర్రా గుహల చుట్టుపక్కల, అలా లీజులిచ్చారు.

సమత అనే సంస్థ కోర్టుకెళ్ళింది. హైకోర్టులో ఓడింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు, ముగ్గురిలో ఇద్దరు జడ్జీల మాటగా, చెప్పిందేమిటంటే, ఆ చట్టంలో వ్యక్తి అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుంది. కాబట్టి ఏజెన్సీలో గిరిజనేతర కంపెనీకి ప్రభుత్వం ఇచ్చే లీజు చెల్లదు. ఎంత పెద్ద మాటండీ అది! ఆ తర్వాత బాక్సైటు కోసం ప్రభుత్వ సంస్థని ముందు పెట్టి తవ్వాలని ఎన్ని ప్రయత్నాలు జరిగాయో, 2015లో 97వ నంబరు జీవో మీద ఎంత గొడవైందో, 2019లో దాన్ని ఎలా రద్దు చేశారో మీకు తెలిసిందే. ఆ పక్కనే ఒడిశాలో నియమగిరి. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగండి అంది. పన్నెండు ఊళ్ళని అడిగారు. పన్నెండూ కాదన్నాయి. గని ఆగింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నాను? మన ఏజెన్సీలో అంతా బాగుందని కాదు. పోడు భూముల్లో, పోలవరం ముంపులో ఏం జరుగుతోందో చూస్తూనే ఉన్నాం. కానీ బొర్రా దగ్గరా నియమగిరి దగ్గరా గని ఆగిన చోట, కంపెనీ మంచితనం వల్ల ఆగలేదు. కాదు అనే హక్కు ఆ జనం చేతిలో ఉంది, అదీ రాతపూర్వకంగా. పిల్బరాలో పీకేకేపీ వాళ్ళకి 2015లో నేటివ్ టైటిల్ కూడా గుర్తించారు. నేల వాళ్ళదే అన్నారు, కాదు అనే హక్కు మాత్రం ఇవ్వలేదు. నేటివ్ టైటిల్ కింద గని గురించి చర్చలు జరపమనే హక్కుంది, ఆపే హక్కు లేదు. అలాంటప్పుడు ఒప్పందంలో ఏం రాసుకుంటే అదే దిక్కు. అందుకే నేను ర్యాప్ చదవడం కంటే ఒప్పందం చదవమంటాను. ఒప్పందాలు బయటపెట్టరు కదా అంటారు. నిజమే. ఏ కంపెనీ ఒప్పందాలు బయటపెట్టదో కూడా మనకి ఒక సమాచారమే.

మరి తర్వాత ఏమైనా మారిందా? నిజాయితీగా చెప్పాలి కాబట్టి మారినవి కూడా చెప్తాను. పార్లమెంటు కమిటీ 2020 డిసెంబరులో ఒకటి, 2021 అక్టోబరులో ఒకటి, రెండు రిపోర్టులిచ్చింది. గ్యాగ్ క్లాజుల్ని అమలు చేయబోమని రియో టింటో చెప్పింది. తన గనుల ప్లాన్లన్నీ తిరగేసి, వారసత్వ స్థలాల చుట్టూ వదలాల్సిన జాగా వదిలి, 5.4 కోట్ల టన్నుల ఖనిజాన్ని నిల్వల లెక్కలోంచి తీసేసింది. నాకు ఇది క్షమాపణ ప్రకటనలకంటే బరువుగా అనిపించింది. ఎందుకంటే ఆ లెక్క వాటాదార్లకి చూపించే పుస్తకంలో ఉంటుంది. 2022 నవంబరులో పీకేకేపీతో పరిహార ఒప్పందం కుదిరింది, జూకన్ గోర్జ్ పేరుతో ఒక ఫౌండేషన్ ఏర్పాటుకి ఒప్పుకున్నారు. 2025లో కో-మేనేజ్‌మెంట్ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. దానివల్ల, వాళ్ళ నేల మీద గని ప్లాన్ గీసే మొదటి దశలోనే పీకేకేపీ వాళ్ళు కూర్చుంటారు. అర్థమైందా? ఆ రంగుల డబ్బాల స్క్రీన్ ముందు. నాలుగు ఆప్షన్లు గీస్తే నాలుగూ వాళ్ళు చూస్తారు. అయిదేళ్ళు పట్టింది ఆ కుర్చీ రావడానికి.

చట్టం సంగతి మాత్రం నవ్వాలో ఏడవాలో తెలీదు. 1972 చట్టాన్ని తీసేసి 2021లో కొత్తది చేశారు. 2023 జులై 1న అమల్లోకి తెచ్చారు. రైతులు, స్థలాలున్నవాళ్ళు గోల చేశారు, కంచె పాతాలన్నా పర్మిషన్ కావాలా అని. అయిదారు వారాల్లో, ఆగస్టు 8న, ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంటున్నామంది. పాత 1972 చట్టమే కొన్ని సవరణలతో మళ్ళీ వచ్చింది. ఇప్పుడు నేటివ్ టైటిల్ ఉన్నవాళ్ళు కూడా మంత్రి నిర్ణయం మీద ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. కొత్త సమాచారం దొరికితే కంపెనీ మంత్రికి చెప్పి తీరాలి. అవి మంచి సవరణలే. కానీ సెక్షన్ 18 ఉందా? ఉంది.

అదే ఏడాది అక్టోబరు 14న వాయిస్ రెఫరెండం, పార్లమెంటుకి సలహా చెప్పే ఆదివాసుల సంఘాన్ని రాజ్యాంగంలో పెట్టాలా వద్దా అని. మనలో పౌరసత్వమున్నవాళ్ళం ఓటేశాం. దేశంలో దాదాపు 60 శాతం నో అన్నారు. ఎవరు ఎటు వేశారో నేను అడగను, ఇక్కడ గొడవలొద్దు. అయితే రియో టింటో, బీహెచ్‌పీ చెరో 20 లక్షల డాలర్లు యెస్ ప్రచారానికి ఇచ్చాయి. మంచిదే. కానీ 20 లక్షల డాలర్లు ఇవ్వడం ఒక కంపెనీకి ఎంత తేలిక, ఒప్పందంలో ఒక్క క్లాజు మార్చడం ఎంత కష్టమో చూడండి. నాకు రెండోదే కావాలి.

ఇక చివరగా, ఇక్కడున్న మైనింగ్ పిల్లలకి. డ్రిల్ అండ్ బ్లాస్ట్‌లో, షార్ట్ టర్మ్ ప్లానింగ్‌లో, సర్వేలో పనిచేసే మీలాంటివాళ్ళకి. సీఈఓ తర్వాత ఏమన్నాడో తెలుసా? ఆ గుహల విలువ తనకి మే 24 తర్వాతే తెలిసిందన్నాడు. నమ్ముదాం. కానీ ఆ గుంతలు డిజైన్ చేసినవాడికి మ్యాప్ మీద ఆ రెండు చుక్కలు కనిపించే ఉంటాయి కదా? హెరిటేజ్ లేయర్ అని ఒకటి మన సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. చాలామంది దాన్ని ఆఫ్ చేసి పనిచేస్తారు, స్క్రీన్ నిండిపోతుందని. ఆన్ చేసి ఉంచండి. ఆ లైను పక్కన మీ పిట్ వస్తుంటే, వేరే ఆప్షన్ గీశారా అని అడగండి. గీస్తే, ఆ సొంతదార్లకి చూపించారా అని అడగండి. దాన్ని మెయిల్‌లో అడగండి, నోటితో కాదు. వీసా మీద ఉన్నాం సార్, ఉద్యోగం పోతే ఎలా అంటారు. ఆ టెన్షన్ నాకు తెలుసు, తేలిక మాట కాదది. అందుకే అభ్యంతరం చెప్పమనడం లేదు, ప్రశ్న అడగమంటున్నాను. ప్రశ్న అడిగినందుకు ఇప్పుడు ఎవర్నీ తీసేసే ధైర్యం ఆ కంపెనీలకి లేదు, 2020 తర్వాత.

సరే, ఎనిమిది కావస్తోంది. భోజనాల్లోపు రెండు మూడు ప్రశ్నలు తీసుకుందాం. వెనక నీలం చొక్కా ఆయన చాలాసేపట్నుంచి చెయ్యెత్తి ఉన్నారు, మైకు వారికివ్వండి.